గాజు చవకే, గొట్టమే ఖరీదు

నా దగ్గరున్న 24 ఎంఎం నిక్కార్ లెన్సు నికాన్ కంపెనీదే, కానీ ఇప్పుడు ఏ నికాన్ కెమెరాకీ పట్టదు. సినిమా కెమెరాకి వాడాలని, వెనక మౌంట్ (కెమెరాకి తగిలించే రింగు) మీద ఇంకో మౌంట్ కూర్చోబెట్టి, మూడు చోట్ల మరలు బిగించి, ఆ మరలకి జిగురు కూడా వేయించాను. అపర్చర్ రింగు తిప్పితే టక్ టక్ అనదు, వెన్నలా జారుతుంది. నడుం చుట్టూ పళ్ళ చక్రం, మూతి దగ్గర 80 మిల్లీమీటర్ల రింగు. గూడూరులో ఒక స్టూడియో ఆయన ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళు తీసిన లెన్సు అది. మొన్న చెన్నై సాలిగ్రామంలో మా గదికి వచ్చిన ఫోటోగ్రాఫర్ మిత్రుడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇంత మంచి లెన్సుని చేజేతులా పాడు చేశావు కదరా" అన్నాడు. ఆన్‌లైన్‌లో 900 పెడితే ఒక కంపెనీ లెన్సుని ఇంకో కంపెనీ కెమెరాకి కలిపే అడాప్టర్ రింగు వస్తుంది, తగిలించుకుంటే పోయేదానికి ఈ కోతలూ కుట్లూ దేనికని అతని బాధ.

నా మాట ముందే చెప్పేస్తాను. ఫోటోలు తీసే పాత స్టిల్ లెన్సుల్ని సినిమా కెమెరాకి వాడండి, నిక్షేపంగా వాడండి. కాకపోతే వాడేముందు వాటిని పూర్తిగా సినిమా పనికి మార్చేయండి. అంత ఓపిక లేకపోతే సినిమా లెన్సులే అద్దెకి తెచ్చుకోండి. ఈ రెండింటికీ మధ్యన ఆ 900 రూపాయల రింగు ఉంది చూశారూ, దానివల్ల నిర్మాతకి మిగిలిన డబ్బు, షాటు నడుస్తుండగా ఫోకస్ రింగు తిప్పే ఫోకస్ పుల్లర్ మెడకి చుట్టుకుంటుంది. పదకొండేళ్ళు ఆ మెడ నాదే. అందుకని ఈ విషయంలో నా దగ్గర నిష్పక్షపాతం ఆశించకండి.

ముందు గాజు సంగతి. ఫోటో లెన్సు ఫోటోకి, సినిమా లెన్సు సినిమాకి అని గీత గీసి మాట్లాడే పెద్దలు వడపళని టీ కొట్ల దగ్గర ఇప్పటికీ కనిపిస్తారు. ఆస్కార్ బార్నాక్ లైకా కెమెరా తయారుచేసింది సినిమా ఫిల్ముతోనే. సినిమా కెమెరాలో ఫిల్ము నిలువుగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేము 18×24 మిల్లీమీటర్లు. ఆయన దాన్ని అడ్డంగా నడిపి రెండు ఫ్రేముల చోటు ఒకదానికి ఇచ్చాడు, 24×36 అయింది. 1925లో అది బజారుకొచ్చింది. ఇవాళ ఫుల్ ఫ్రేమ్ అని గొప్పగా చెప్పుకునే కొలత అదే. కాబట్టి స్టిల్ లెన్సు సినిమా కెమెరా ఎక్కడమంటే ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టే, వస్తూ వస్తూ కాస్త ఎక్కువ సామాను తెచ్చుకుందంతే. ఆ సామాను కూడా ఇప్పుడు పనికొస్తోంది. సినిమా కెమెరాల్లో మామూలుగా ఉండే సూపర్ 35 సైజు సెన్సార్‌కి మూల నుంచి మూలకి 31 మిల్లీమీటర్లు కప్పితే చాలు, స్టిల్ లెన్సు 43 దాకా కప్పుతుంది. 2017లో సోనీ వెనిస్, 2018లో అలెక్సా ఎల్‌ఎఫ్ కెమెరాలు వచ్చి సెన్సార్లు పెద్దవయ్యాక, సూపర్ 35 కోసం చేసిన పాత సినిమా లెన్సులు చాలావాటికి మూలలు నల్లబడ్డాయి. అప్పటిదాకా పెట్టెల్లో మూలుగుతున్న పాత స్టిల్ లెన్సులకి, కేనన్ ఎఫ్‌డీలకీ, లైకా ఆర్‌లకీ, కాంటాక్స్ జైస్‌లకీ ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

ఇంకో సంగతి. సినిమా లెన్సు అని పేరుపెట్టి అమ్మేవాటిలో చాలావాటి లోపలి గాజు స్టిల్ లెన్సుదే. 2010లో వచ్చిన జైస్ సీపీ.2 వరసలో ఎక్కువ భాగం అదే కంపెనీ జెడ్‌ఎఫ్ స్టిల్ లెన్సుల గాజు. సిగ్మా సినీ ప్రైమ్‌లలో ఉన్నది ఆర్ట్ వరస గాజు. గాజు అదే అయినప్పుడు ధర అన్ని రెట్లు ఎందుకు పెరిగింది?

గొట్టానికి. సినిమా లెన్సు గొట్టంలో ఫోకస్ రింగు ఇంచుమించు మూడొందల డిగ్రీలు తిరుగుతుంది. పది అడుగులకీ పదకొండు అడుగులకీ మధ్య వేలు పట్టేంత చోటుంటుంది. రాసిన అంకె దగ్గర పెడితే ఆ దూరంలోనే ఫోకస్ ఉంటుంది. సెట్‌లో ఉన్న లెన్సులన్నిటికీ పళ్ళు ఒకే చోట, మూతి ఒకే సైజు, లెన్సు మార్చినప్పుడల్లా మోటారు జరపక్కర్లేదు. లోపల ఏదీ ఆడదు. స్టిల్ లెన్సులో ఇవేవీ లేవు, ఉండాల్సిన అవసరమూ లేదు. పెళ్ళిలో తలంబ్రాలు పోస్తున్న క్షణాన్ని పట్టుకోవాలంటే రింగు చిటికెలో తిరిగిపోవాలి, తక్కువ తిరగడమే దాని గొప్పతనం. ఫోటోగ్రాఫర్‌కి ఆ ఒక్క క్షణం పదునుగా ఉంటే చాలు. మాకు పది సెకన్ల షాటంటే 240 బొమ్మలు, అందులో ఆర్టిస్టు నడుస్తూ ఉంటుంది.

2016లో కాసిమేడులో నాకు జరిగింది చెబుతాను. తెలుగు వెబ్ సిరీస్ పైలట్ ఒకటి, యూనిట్ అంతా మనవాళ్ళే. తెల్లవారుజామున పడవలొచ్చి చేపల వేలం సాగుతున్న టైములో షాటు. హీరోయిన్ జనంలోంచి ఇరవై అడుగుల దగ్గర మొదలై ఆరడుగుల దాకా నడిచి రావాలి, మధ్యలో పది అడుగుల దగ్గర ఆగి ఒక మాట అనాలి. కెమెరామ్యాన్ సార్ తన సొంత నిక్కార్ సెట్ తెచ్చారు. కేనన్ వాళ్ళ ఈఎఫ్ మౌంట్ ఉన్న కెమెరా, అయిదు లెన్సులకి ఒకటే అడాప్టర్. లెన్సు మార్చినప్పుడల్లా అడాప్టర్ విప్పి ఇంకోదానికి బిగించడం నా పని. 24 ఎంఎం, అపర్చర్ 2.8. నేను టేపు పట్టి కొలిచాను, రింగు మీద పెన్సిల్‌తో మూడు గీతలు పెట్టుకున్నాను. నాలుగు టేకులు. ఏడంగుళాల మానిటర్‌లో అంతా బాగానే ఉంది, వెలుతురు వచ్చేస్తోందని అందరూ పరుగులు.

వారం తర్వాత హైదరాబాద్ ఎడిటింగ్ రూమ్ నుంచి ఫోన్. పెద్ద స్క్రీన్ మీద ఆమె కళ్ళు మెత్తగా ఉన్నాయట. వెనక ఆరబెట్టిన వల ముడులు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చట. నాలుగు టేకుల్లోనూ అంతే. "నిద్రపోయావా, చెయ్యి వణికిందా?" అని సార్ అడిగారు. ఆయన మంచివారే, అందరి ముందూ అడగలేదు. కానీ ఆ తర్వాత షెడ్యూల్‌కి నన్ను పిలవలేదు.

నాలుగు టేకులూ ఒకేలా తప్పితే అది చెయ్యి కాదు. ఆ లెన్సూ అడాప్టరూ బతిమాలి రెండు రోజులు తెచ్చుకున్నాను. స్నేహితుడి దగ్గర అదే మౌంట్ కెమెరా తీసుకుని గదిలో గోడకి చార్టు అంటించి, సెన్సార్ గుర్తు నుంచి సరిగ్గా పది అడుగులు కొలిచాను. రింగు పది అడుగుల మీద పెట్టాను. చార్టు మసక. చార్టుకి పక్కనే ఉన్న తలుపు తెరిస్తే అవతల వంటింట్లో గ్యాస్ సిలిండర్ కనిపిస్తుంది, దాని మీద తెల్ల పెయింటుతో వేసిన అంకెలు కత్తిలా ఉన్నాయి. టేపు పెట్టి చూస్తే పదమూడున్నర అడుగులు.

కారణం తెలుసుకోవడానికి పదో తరగతి ఫిజిక్స్ చాలు. లెన్సు మౌంట్ నుంచి సెన్సార్‌కి ఉండాల్సిన దూరాన్ని ఫ్లేంజ్ డిస్టెన్స్ అంటాం. నికాన్‌కి 46.5 మిల్లీమీటర్లు, ఈఎఫ్‌కి 44. మధ్యలో వచ్చే అడాప్టర్ సరిగ్గా 2.5 ఉండాలి. ఇవి చేసేవాళ్ళు కావాలనే ఒక పిసరు పల్చగా చేస్తారు. మందం ఎక్కువైతే లెన్సు ఇన్ఫినిటీ (చాలా దూరంలో ఉన్నవాటి ఫోకస్) అందుకోదు, కొండ మసకగా కనిపిస్తే కొన్నవాడు మర్నాడే వాపసు పంపుతాడు. పల్చనైతే లెన్సు ఇన్ఫినిటీ దాటి పోతుంది, అది ఎవరూ పట్టించుకోరు. మా అడాప్టర్ 0.05 మిల్లీమీటరు తక్కువుంది. తల వెంట్రుక మందం కూడా లేదు. కానీ 24 ఎంఎం లెన్సు పది అడుగుల నుంచి ఇన్ఫినిటీ దాకా మొత్తం కదిలేదే 0.19 మిల్లీమీటరు. అందులో 0.05 పోయిందంటే పావు వంతు పోయినట్టే. అదే అడాప్టర్‌తో 85 ఎంఎం పెడితే పది అడుగుల దగ్గర తేడా రెండంగుళాల పైచిలుకు, అంతే. ఆర్టిస్టు ఊపిరి పీల్చి కొంచెం వెనక్కి వాలినా అంత తేడా వస్తుంది, మానిటర్‌లో కంటితో పట్టేసి సర్దేస్తాం. వైడ్ లెన్సులో చిన్న మానిటర్ ఏమీ చెప్పదు, టేపునీ రింగు మీద అంకెనీ నమ్ముకుని పోవాల్సిందే. ఆ నమ్మినదే మోసం చేసింది.

అడాప్టర్ తప్పులు అక్కడితో ఆగలేదు. నికాన్ రింగు సినిమా లెన్సులకి తిరగేసి తిరుగుతుంది. ఏడేళ్ళుగా ఒకవైపు తిప్పడం అలవాటైన చెయ్యి, హడావిడిలో పాత వైపే పోతుంది. పైగా ఫోకస్ రింగుని తిప్పే ఫాలో ఫోకస్ చక్రం నొక్కినప్పుడల్లా లెన్సు అడాప్టర్‌లో పిసరంత ఆడేది, బొమ్మ మొత్తం పక్కకి ఉలిక్కిపడేది. ఈ రెండూ కాసిమేడులో బయటపడలేదు, నా అదృష్టం.

మేస్త్రి నాకు దొరికింది ఆ తర్వాతే. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ వెనక సందులో చిన్న లేతు షాపు. తాతలనాటి నుంచి మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్ళు, తమిళంలో లెక్కపెట్టి తెలుగులో తిడతారు. పంపు షాఫ్టులు తిప్పుకునే మనిషికి నేను లెన్సు ఇస్తే, అద్దం వైపు కనీసం చూడలేదు. మౌంట్ పట్టుకుని బొటనవేలితో ఒత్తాడు. "ఇది ఆడతా ఉండాది నాయనా. ఈడ చీమంత ఆడితే మీ తెర మీద ఏనుగంత ఆడతాది గదా," అన్నాడు. అడాప్టర్‌ని స్క్రూ గేజ్‌లో పెట్టి నాలుగు చోట్ల కొలిచాడు, నాలుగు చోట్లా నాలుగు రకాలు. మధ్యాహ్నం బిర్యానీ పార్సిల్ వచ్చిన అల్యూమినియం ఫాయిల్ చించి మూడు మడతలు పెట్టి కొలిస్తే 0.05 వచ్చింది. దాన్నే రింగులా కత్తిరించి మౌంట్ కింద పెట్టాడు. ఇంటికొచ్చి చార్టు ముందు పెడితే పది అడుగులు పది అడుగులే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సినిమాల్లో ఆ ఫోన్ కాల్ వచ్చిన రోజుకి వెనక్కి వెళ్ళే సీను ఉంటుంది కదా, మనకి ఉండదు.

ఫాయిల్ శాశ్వతం కాదు, నలుగుతుంది. తర్వాత నా సొంత లెన్సులు కొనుక్కున్నాక వాటికి మందం సరిచేసే ఇత్తడి రేకు షిమ్‌లు వేయించాను. ఒక్కో లెన్సుకి ఒక్కో అడాప్టర్, ముఖం లేతు మీద చదును చేసి, షిమ్ పెట్టి, మరలతో బిగించి ఇక విప్పకుండా. అపర్చర్ రింగులో క్లిక్ చేసే రేకు స్ప్రింగు నేనే తీశాను. ఎవరైనా సొంతంగా విప్పుదామనుకుంటే ఒక్క మాట: జపాన్ లెన్సుల మరలు చూడ్డానికి మన స్టార్ స్క్రూల్లానే ఉంటాయి, కావు. వాటికి జేఐఎస్ అనే జపాన్ కొలత స్క్రూడ్రైవర్ వేరే ఉంటుంది. మామూలుది పెట్టి తిప్పితే మర తల గుండు అయిపోతుంది. నేను రెండు గుండు చేశాకే తెలుసుకున్నాను. పళ్ళ చక్రం 0.8 మాడ్యూల్‌ది (పళ్ళ సైజు కొలత) వేసుకోవాలి, మోటార్లు ఎక్కువగా దానికే చేస్తారు. చివరగా కొత్తగా కొలుచుకుని అడుగుల్లో అంకెలు రాసుకున్నాను, కంపెనీ చెక్కిన అంకెల మీద తెల్ల టేపు అంటించి. నాలుగు లెన్సులకి మేస్త్రి కూలీ, రింగులు, రేకులు అన్నీ కలిపి ఇంకో రెండు పాత లెన్సులు కొనేంత అయింది. ఖర్చు తక్కువేం కాదు. కాసిమేడులో ఆ ఒక్క ఉదయం మళ్ళీ తీయాలంటే అయ్యే ఖర్చుతో పోల్చుకున్నాను.

ఇక్కడ కుర్రాళ్ళు నాతో గొడవపడతారు. మొదటి గొడవ లుక్ గురించి. పాత లెన్సుకి ఒక ఆత్మ ఉందంటారు. హీలియోస్ 44-2 అనే పాత రష్యన్ లెన్సు పెట్టి వెనక ఆకులు సుడి తిరుగుతుంటే మైమరచిపోతారు. నాకూ ఇష్టమే, రెండు నిమిషాలు. గంటన్నర సినిమాలో ప్రతి క్లోజప్ వెనకా ఆకులు సుడి తిరిగితే కథ ఎవరు చూస్తారు? అయినా ఆ ఆత్మ ఉన్నది గాజులోనే కదా, గొట్టం మార్చితే అదెక్కడికీ పోదు. లుక్ కావాలన్నవాడే నిజానికి మౌంట్ మీద డబ్బు పెట్టాలి. ఇక ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు డైరెక్టర్ స్టాన్లీ కుబ్రిక్ తన 1975 సినిమా బ్యారీ లిండన్‌కి వాడిన జైస్ 50 ఎంఎం ఎఫ్ 0.7 సంగతి తెస్తారు, కొవ్వొత్తి వెలుగులో తీసింది. నిజమే, అది స్టిల్ లెన్సే. కానీ దాన్ని బిగించడానికి కెమెరానే కోయించారు. అడాప్టర్ వేసి కానివ్వలేదు.

రెండో గొడవకి బలం ఉంది, ఒప్పుకుంటాను. వైర్‌లెస్ ఫోకస్‌లో ఇప్పుడు మోటారు తిరిగే దిక్కు మార్చుకోవచ్చు, ప్రతి లెన్సుకీ దూరాలు నేర్పించి దాచుకోవచ్చు, తక్కువ తిరిగే రింగుని చేతిలో చక్రం మీద ఎక్కువగా సాగదీసుకోవచ్చు. తిరగేసిన రింగు బాధ దాంతో తీరిపోయింది. కానీ నేర్పించిన దూరాలు నిలవాలంటే అడాప్టర్ కదలకూడదు. పొద్దున నేర్పించి, మధ్యాహ్నం అదే అడాప్టర్ ఇంకో లెన్సుకి మార్చి, సాయంత్రం మళ్ళీ పాతదానికి బిగిస్తే నేర్పిందంతా గంగలో కలిసినట్టే. కోయించే ధైర్యం లేనివాళ్ళు కనీసం లెన్సుకొక అడాప్టర్ కొనండి, దాన్ని ఇంకోదానికి మార్చకండి. ఈ ఒక్క మాట విన్నా ఎవరో ఒక అసిస్టెంట్ పుణ్యం కట్టుకున్నవాళ్ళవుతారు. ఇక ఒంటరిగా పెళ్ళిళ్ళూ డాక్యుమెంటరీలూ తీసేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఆటోఫోకస్ లెన్సులే మేలు, ఇదంతా వాళ్ళకి అక్కర్లేదు.

ఏ లెన్సు ఏ కెమెరాకి పడుతుందని నెలకి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తుంటారు, అది కూడా చెప్పేస్తాను. లెన్సు ఫ్లేంజ్ దూరం కెమెరా దూరం కంటే ఎక్కువుండాలి, ఆ తేడాలోనే అడాప్టర్ కూర్చోవాలి. ఈఎఫ్ 44 కాబట్టి నికాన్, ఎం42, కాంటాక్స్, లైకా ఆర్ అన్నీ దాని మీదకి వస్తాయి. కేనన్ ఎఫ్‌డీ 42, అది రాదు. మొన్న ఒక డైరెక్టర్ తమ్ముడు బర్మా బజార్ దగ్గర మంచి బేరమని ఎఫ్‌డీ సెట్ మొత్తం కొనేసి, ఈఎఫ్ కెమెరా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. సొంత కంపెనీ మౌంటే సొంత కంపెనీ లెన్సుకి పట్టకపోవడమేంటన్నా అని అతని ఆశ్చర్యం. సోనీ ఈ మౌంట్ 18, కేనన్ ఆర్‌ఎఫ్ 20. వాటి మీదకి ప్రపంచంలో ఉన్న స్టిల్ లెన్సులు దాదాపు అన్నీ ఎక్కుతాయి. సినిమా కెమెరాల పీఎల్ మౌంట్ 52. దాని మీద నికాన్ 50 ఎంఎం పెడితే అయిదున్నర మిల్లీమీటర్లు ముందుకు వచ్చేస్తుంది, అర మీటరు అవతల ఏదీ ఫోకస్‌లోకి రాదు. దానికి అడాప్టర్ పనికిరాదు, లెన్సు వెనక భాగమే తీసి కొత్తది పెట్టాలి. సినిమా కెమెరాలు చేసే ఆరి వాళ్ళ కొత్త ఎల్‌పీఎల్ మౌంట్ మాత్రం మళ్ళీ 44కి దిగింది.

ఇంకో బాధ మన చెన్నైలో మరీ ఎక్కువ. పాత లెన్సు కొనేముందు టార్చి వెనక నుంచి వేసి లోపలికి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే ఫంగస్. ఈ సముద్రపు గాలికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అది ఎవరింటికైనా వస్తుంది. గాజు మీదున్న కోటింగ్‌ని తినేస్తుంది. తుడిస్తే పోగులు పోతాయి కానీ కోటింగ్ రాదు. డ్రై క్యాబినెట్ కొన్నాను, 45 శాతం తేమ దగ్గర పెడతాను. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకి మా వీధిలో కరెంటు పోతే, లెన్సులన్నిటినీ సిలికా జెల్ పొట్లాలతో కలిపి స్టీలు డబ్బాల్లో పెట్టి మూతలకి ఇన్సులేషన్ టేపు చుట్టాను. మా ఆవిడ అప్పడాల డబ్బా కూడా అందులో పోయింది. పాత టాకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 లెన్సుల్లో చాలావాటి గాజులో థోరియం ఉంటుంది, ఏళ్ళు గడిస్తే పసుపెక్కుతుంది. దానికి మాత్రం మన ఊరే మందు, మే నెలలో మేడ మీద కొన్నాళ్ళు ఎండబెడితే చాలావరకు తెల్లబడుతుంది.

నేను కెమెరా చేసే సినిమాల్లో అన్నిటికీ ఈ నిక్కార్‌లు వాడను. రాత్రిపూట అపర్చర్ పూర్తిగా తెరిచి, ఆర్టిస్టు కదులుతూ, కెమెరా కూడా కదులుతూ ఉండే షాట్లు ఎక్కువుంటే సినిమా లెన్సులు అద్దెకి ఇప్పించమని నిర్మాతని ముందే అడుగుతాను. ఇవ్వలేనంటే షాటు మార్చుకుంటాను. నా ఫోకస్ పుల్లర్ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, కావలి నుంచి వచ్చాడు. మొదటి రోజు 24 ఎంఎం చేతికిస్తే రింగు మీద తెల్ల టేపు చూసి, "ఈ అంకెలు నమ్మొచ్చా సార్?" అని అడిగాడు. చార్టు పెట్టి చూసుకోమన్నాను. గంటసేపు చూసుకున్నాడు, ఏడడుగుల గీత ఒక్కటి తుడిచి అర మిల్లీమీటరు పక్కన మళ్ళీ గీశాడు. వాడు గీసిందే కరెక్టు.

నాలుగు లెన్సులు అయ్యాయి. మిగిలింది 105 ఎంఎం ఎఫ్ 2.5 ఒక్కటే, అది కూడా ఆ గూడూరు స్టూడియోదే. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల పెళ్ళికూతుళ్ళ మొహాలు చూసిందో, గొట్టం మీద నలుపు అరిగి లోపలి లోహం మెరుస్తోంది. దాని హుడ్ లెన్సులోనే ఉంటుంది, ముందుకు లాగితే వస్తుంది. అది వెనక్కి జారినప్పుడల్లా పళ్ళ చక్రానికి తగులుతోంది. హుడ్ కోసేస్తే అయిపోద్ది నాయనా అంటాడు మేస్త్రి. ఆయన చెప్పింది సబబే, పొద్దున్నించీ నేను రాసిందీ అదే. రెండు నెలలైంది, లెన్సు ఇంకా డబ్బాలోనే ఉంది.